పరశురాములు పెట్రోలు డబ్బా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భూపాలపల్లిలో నా వెల్డింగ్ షాపుకు వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. గేటు చేయించుకోవడానికి వచ్చి అట్లా కాదు ఇట్లా అని పక్కన నిలబడి చెప్పేవాడి చేతిలో వెల్డింగ్ హోల్డరు పెట్టి, "అయితే నువ్వే చేస్కో" అని చాయ్ తాగడానికి పోయిన రోజులున్నాయి. నర్మెట్ట నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడ నిలదొక్కుకున్నానంటే అది పని వల్లే తప్ప నోటి వల్ల కాదు.

పరశురాములు నాకు పూర్తిగా ఎదురు. నోట్లో నాలుక లేని మనిషి. చేసేది గోపాలమిత్ర పని. అంటే ఊరూరా తిరిగి, ఎదకొచ్చిన ఆవులకూ బర్రెలకూ చూలు కట్టే సూదులు వేస్తాడు. ఆంబోతు వీర్యం చెడకుండా ఉంచే, మూత తీస్తే తెల్లటి చలిపొగ వచ్చే క్యాను ఒకటి బండికి కట్టుకుని, భుజాల దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లౌజులు సంచిలో వేసుకుని పొద్దున్నే బయలుదేరతాడు. ఈత కష్టమైనప్పుడు పశువుల డాక్టరు వచ్చేలోపు చెయ్యి పెట్టి దూడను సరిచేసేదీ అతనే. అడవి అంచు ఊళ్లలో అతని ఫోను నంబరు కొట్టం గోడల మీద బొగ్గుతో రాసి ఉంటుంది. ఎవరైనా డాక్టర్ సాబ్ అంటే సిగ్గుపడిపోతాడు.

"డాక్టర్‌ను గాదు అవ్వా, సూదులేసేటోన్ని" అంటాడు.

అట్లాంటి మనిషి నిరుడు వానాకాలం చివర్లో ఒక రోజు నా షాపు ముందు బండి ఆపి, దిగకుండా అట్లాగే కూర్చుండిపోయాడు. ఏంది సంగతి అని గుచ్చి గుచ్చి అడిగాను. చివరికి తెలిసిందేమంటే, చింతలగూడెంలో అండాలు అనే ఆమె బర్రె ఈనలేక కొట్టుకుంటోందని ఫోను వస్తే బయలుదేరాడు. దారిలో పెట్రోలు అయిపోయింది. ఆ వైపు బంకు లేదు. ఊళ్లలో కిరాణా కొట్టువాళ్లు సీసాల్లో అమ్ముతారు గానీ ఆ రోజు రెండు కొట్లలోనూ లేదు. బండి తోసుకుంటూ, తర్వాత బండి వదిలేసి నడుచుకుంటూ పోయేసరికి బర్రె చచ్చిపోయింది. అండాలుకు మొగుడు లేడు, పొలం లేదు. ఆ బర్రె పాలే ఆమెకు ఆధారం. పరశురాములును ఆమె ఒక్క మాట కూడా అనలేదట.

"తిట్టినా బాగుండు అన్నా. చెంబుల నీళ్లిచ్చి, ఎండల నడిచొచ్చినవ్ బిడ్డా అన్నది" అని కళ్లు తుడుచుకున్నాడు.

మిగిలింది ఆ బర్రె ముందు ఈతలో కన్న పడ్డ, అంటే ఇంకా ఈనని ఆడబర్రె, ఒక్కటే. అప్పటికే దానికి చూలు కట్టి ఉంది. తొలి ఈత. ఈ ఏడు వానాకాలం మొదట్లో ఈనుతుందని లెక్క. ఇక అదే పరశురాములుకు గుబులు పట్టుకుంది. తొలి ఈతలు కష్టమవుతుంటాయి. ఎండాకాలం చివర్లో మళ్లీ నా షాపుకు వచ్చి, ఈసారి కూడా సమయానికి పోలేకపోతే ఆ ముసలామె మొహం చూడలేనన్నాడు.

"బండికి ఇంకో డబ్బ చెయ్యాలె అన్నా. లీటరుంబావు పట్టాలె. సీసాల పొయ్యుమంటే బంకోళ్లు పోస్తలేరు. బండికే అతికించి ఉంటే పోస్తమన్నరు, అడిగిన" అన్నాడు.

ఇట్లాంటి పని నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. పైకి విసుక్కున్నాను గానీ లోపల సంబరమైంది. రోజూ గేట్లు, కిటికీ చువ్వలు చేసీ చేసీ చేతులు మొద్దుబారి ఉన్నాయి.

మొదట చోటు వెతికాను. కుడివైపు సైలెన్సరు వేడి, అటు పెట్రోలు పెట్టకూడదు. ఎడమవైపు చలిపొగ క్యాను వేలాడుతుంది. ఆ క్యానును సీటు వెనక్కి మార్చి, దానికి బుట్టలాంటి కటకటాలు కట్టాను. ఎడమవైపు చీర చిక్కకుండా ఉండే జాలీ తీసేసి అక్కడ డబ్బాకు చోటు చేశాను. నాలుగంగుళాల ఇనుప పైపు ముక్క కోసి, రెండు పక్కలా బిళ్లలు అతికాను. మూతికి పాత బండి ట్యాంకు మూత, తాళంతో సహా. కుదుపులకు గలగలమనకుండా, రాపిడికి అరిగిపోకుండా పట్టీల కింద సైకిలు ట్యూబు ముక్కలు పెట్టి బిగించాను.

కారుతోందేమో చూడాలి కదా. నీళ్లు పోసి చూడు అన్నాడు పరశురాములు. అగ్గి మీద గుగ్గిలమయ్యాను.

"పెట్రోల్ పోసే డబ్బల నీళ్లు పోస్తరా? సుక్క నీళ్లు ఉన్నా బండి ఆగుతది. నీ పని నువ్వు జేస్కో, నా పని నాకు నేర్పకు."

సైకిలు పంపుతో గాలి కొట్టి, అతుకుల చుట్టూ సబ్బు నురగ రాసి చూపించాను. ఒక్క బుడగ లేవలేదు. తర్వాత మూత తీసి రోజంతా ఎండలో పెట్టాను. లోపల తేమ కూడా ఉండకూడదని.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. నర్మెట్టలో మా నాయిన కొలిమి నాటి నుంచి ఉంది. కొత్తగా చేసిన ఇనుప వస్తువు ఏదైనా సరే, నాగలి కర్రు నుంచి ట్రాక్టరు ట్రాలీ దాకా, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దాని మీద పొయ్యకుండా గడప దాటించం. ఇనుము అగ్గిలో కాలి వచ్చింది, దాని దాహం తీర్చి పంపాలి అనేవాడు మా నాయిన. ఆ రోజూ కాయ చేతిలో పట్టుకున్నాను.

"ఎవరి పేరు మీద కొట్టాలె?" అని అడిగాను.

"అండాలవ్వ పడ్డ పేరు మీద కొట్టన్నా" అన్నాడు.

కొట్టాను. నిండు కాయ, గ్లాసెడు నీళ్లున్నాయి. డబ్బా మీద ధారగా పోశాను. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. ఎండబెట్టేటప్పుడు తీసిన మూత అప్పుడు కిటికీలో, నేను వేసిన ఎర్ర రంగు ఆరుతూ ఉంది. డబ్బా మూతి తెరిచే ఉంది. ఇప్పుడు ఇంత తీరుగా చెబుతున్నాను గానీ ఆ పూట నా కంటికి ఆనలేదు. నా పని నాకు నేర్పకు అని అరిచిన నోటితోనే మంత్రం చదివాను. రంగు ఆరాక మూత తెచ్చి బిగించి పంపించాను.

నెల దాటింది. జూలైలో ఒక రోజు పొద్దున పరశురాములు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అంగీ మీద గడ్డిపరకలున్నాయి.

"అన్నా, డబ్బ అడుగున చిన్న నల్ల పెట్టరాదూ. విప్పితే అడుగుది బయటికొచ్చేటట్టు" అన్నాడు.

"ఎందుకు?"

"ఉంటే మంచిగుంటదని."

కుళాయి కోసం నా అతుకుకు బొక్క పెట్టమనేసరికి నాకు మండింది. అందులో వంక ఏముందో చెప్పమన్నాను. వంక ఏమీ లేదన్నాడు. వంక లేనప్పుడు బొక్క ఎందుకన్నాను. ఉత్తగనే అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. గిట్ల నచ్చకపోతే పోయి ఇంకోన్తోని చేయించుకో పో అన్నాను. సరే అన్నా అని తల ఊపి పోయాడు. పొద్దంతా నా కోపం నాతోనే ఉంది.

మర్నాడు ఒక ముసలామె ఆటో దిగి, చేతిలో స్టీలు గిన్నెతో షాపు ముందు నిలబడింది.

"పర్శరాములుకు డబ్బ చేసింది నువ్వేనా బిడ్డా?"

నేనే అన్నాను.

"నేను అండాలును. జున్ను తెచ్చిన. నా పడ్డ ఈనింది. దుడ్డె పుట్టింది."

దుడ్డె అంటే ఆడదూడ. స్టూలు వేసి కూర్చోబెట్టాను. గిన్నె మూత తీసి నా చేతిలో పెట్టింది. బెల్లం, మిరియం వాసన వచ్చింది. నా డబ్బా పని చేసిందన్నమాట అని ఛాతీ విరుచుకున్నాను. ఆమె చెప్పుకుంటూ పోయింది.

వాగు పొంగి కల్వర్టు మీది నుంచి నీళ్లు పోతుంటే పరశురాములు చుట్టు తిరిగి రావలసి వచ్చిందట. పెట్రోలు అయిపోయింది. పట్టీలు విప్పి డబ్బాలోది ట్యాంకులో పోసుకుని బయలుదేరాడు. కిలోమీటరు కూడా పోలేదు, బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎంత కిక్కు కొట్టినా లేవలేదు. ఆమె ఫోను మీద ఫోను చేస్తోంది. దూడ ముందుకాలు ఒకటి లోపలికి మడుచుకుని ఉంది, పడ్డ నేలకు ఒరిగిపోయింది.

"ట్యాంకుల ఉన్నదంత తాగేనీళ్ల సీసలకు వంపిండట. పైన పెట్రోల్, కింద నీళ్లు తేలినయట. సూది మీదికి తొడిగే సన్న గొట్టం ఉంటది గద, గది సిరంజికి పెట్టి, సీస అడుగుకు పంపి కింది నీళ్లు గుంజి గుంజి పారబోసిండట. మిగిలింది మల్ల పోసుకొని వచ్చిండు. వచ్చేసరికి పడ్డ కండ్లు తేలేసింది. చెయ్యి పెట్టి కాలు సరిజేసి తీసిండు. దుడ్డెకు ఊపిరి లేదు. గడ్డితోని రుద్ది రుద్ది, ముక్కుల ఊది బతికిచ్చిండు. ఇంకొంచెం ఆలిశమైతే రెండూ పోతుండె బిడ్డా."

నా చేతిలో జున్ను చేతిలోనే ఉంది.

"నీళ్లెట్ల పడ్డయట?" అని అడిగాను.

"వానకు పడ్డయేమో అన్నడు. కొబ్బరి కుళ్లిన వాసనొచ్చిందని మల్ల ఆయననే అన్నడు. వానకు కొబ్బరి వాసనొస్తదా బిడ్డా? నాకైతే సమజ్ కాలే."

నాకు సమజైంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గాలి కొట్టి, నురగ రాసి, ఎండబెట్టి, ఇంత చేసి చివరికి గ్లాసెడు నీళ్లు నా చేత్తో నేనే పోశాను. అదీ ఆమె పడ్డ పేరు చెప్పి పోశాను. నిన్న పొద్దున ఆ మనిషిని తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చాలా సిగ్గేసింది. దాచుకోవడం నా వల్ల కాలేదు.

"నేనే పోసిన అవ్వా. నీ పడ్డ సల్లగుండాలెనని కాయ కొట్టిన. మూత పెట్టుడు యాది మరిసిన."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపం చేస్తుందేమో, చేస్తే బాగుండునని కూడా అనిపించింది.

"కాయ కొట్టుడు మంచిదే. మూత పెట్టాలె గద బిడ్డా" అంది. "తిను. సల్లారితే బాగుండది."

తిన్నాను. గిన్నె కడిగి ఆమె చేతికిచ్చాను.

ఆమెను ఆటో ఎక్కించి పరశురాములుకు ఫోను చేశాను. బండి తీసుకుని రా, ఇప్పుడే రా అన్నాను. తిట్టడానికి పిలుస్తున్నాననుకుని ఉంటాడు, గంట తర్వాత భయపడుతూ వచ్చాడు. డబ్బా విప్పి, పెట్రోలు తీసేసి, సబ్బు నీళ్లతో నాలుగుసార్లు కడిగాను. పెట్రోలు పట్టిన డబ్బా దగ్గరికి నిప్పు రావాలంటే దాన్ని నీళ్లతో నింపాలి. నింపాను. డబ్బాను తలకిందులు చేసి, నా అతుకు పక్కనే నేనే బొక్క వేసి, చిన్న ఇత్తడి నల్ల అతికాను. నీళ్లు వంచేసి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టాను. డబ్బా ఆరేదాకా ఇద్దరం చాయ్ తాగుతూ కూర్చున్నాం.

"కొబ్బరి వాసన రాంగనే తెలిసింది గద నీకు. నిన్న నన్ను అడగొచ్చు గద, నేను తిడుతుంటె నిలబడి పడ్డవ్" అన్నాను.

అతను బండి సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక కొబ్బరికాయ తీసి నా ముందు పెట్టాడు. బండి తెమ్మన్నానంటే నల్ల పెడతానేమోనని దారిలో కొని తెచ్చాడట. నాకు ఒళ్లు మండింది.

"నేను కొట్ట. ఇగ ఈ షాపుల కాయ కొట్టుడు బంద్" అన్నాను.

"కొట్టన్నా" అన్నాడు పరశురాములు. "పదేండ్ల సంది నిన్ను జూస్తున్న. కాయ కొట్టేటప్పుడే నువ్వు జర నవ్వుతవ్. నీళ్లు పడ్డయని చెప్తే, ఇగ కొట్టవని చెప్పలే."

నేను లేచి, ఎండలోంచి డబ్బా తెచ్చి బండికి బిగించాను. మూత పెట్టి తాళం వేశాను. నల్ల కట్టేసి ఉందో లేదో చూశాను. మూత ఇంకోసారి తిప్పి చూశాను. అప్పుడు కాయ చేతిలోకి తీసుకున్నాను.