మిరపకాయల కాటాలో మా ఆయన

కాపురానికొచ్చిన నాటి నుంచి నేను గింజ పారబోసి ఎరగను. అలాంటిదాన్ని ఒకే ఒక్క మధ్యాహ్నంలో, నిక్షేపంలాంటి మొగుణ్ణి పోగొట్టుకోబోయాను. నరసరావుపేటలో నడిబజారున జరిగిన సంగతి, దాచినా దాగదు. నవ్వితే నవ్వండి. కాకపోతే నోట్లో ముద్ద మింగి నవ్వండి, తిండి కిందపడితే నాకు గిట్టదు.

యుద్ధం రోజులవి. బస్సులు బొగ్గుతో నడిచేవి. నాకు ఇరవై రెండేళ్ళు. మాది నకరికల్లు పక్కన పల్లె. మా ఆయనకు చక్కెర జబ్బని తేలింది. ఆ జబ్బుతోనే మా మామగారు కాలు పుండు పడి పోయారు. ఆ పుండు కడిగిన చేతులివి. అందుకని మా ఆయన చెప్పు కరిచిందన్నా నాకు నిద్ర పట్టేది కాదు.

పేటలో డాక్టరుగారు చెప్పాడు: “తిండి తిండికీ కేలరీలుంటాయమ్మా. అంటే ఒంటికి అందే సత్తువ లెక్క. పూటకింత అని ఉంటుంది, అది దాటకూడదు.”

నేను చదివింది మూడో తరగతి. సంకటి ముద్ద మీద లెక్క రాసి ఉండదు కదా! కాంపౌండరును పట్టుకుని నిలదీస్తే, “అన్నం, కూర, మజ్జిగ అన్నీ కలిపి పూటకు అర్ధవీశె అనుకో తల్లీ” అని తప్పించుకున్నాడు. వీశె అంటే ఇప్పటి కిలోన్నరకు కాస్త తక్కువ. ఇంకేం, సత్తువంటే బరువేనని ఖాయం చేసుకుని, ఇంట్లో ప్రతి ముద్దా తక్కెడలో తూచి పెట్టసాగాను.

ఆ నెల చూపించుకోను వెళ్తే డాక్టరుగారు, “మధ్యాహ్నం భోంచేసి సాయంత్రం రండి, మూత్రం పరీక్ష చేయాలి” అన్నాడు. తక్కెడ ఇంట్లో ఉంది, భోజనమేమో పూటకూళ్ళ ఇంట్లో. పోయి ఆ ఇల్లుగలావిడనే అడిగాను.

“పిన్నీ, ఇస్తరికి అన్నం ఎంత పెడతావు?”

“కడుపుకెంత పడితే అంత.”

“పప్పులో నూనె?”

“చెయ్యి వంగినంత.”

“అట్టా కాదు పిన్నీ, తూకం చెప్పు.”

“ఏందే పిల్లా, భోజనానికొచ్చావా, పత్తి బేరానికొచ్చావా?”

తల తిప్పేసరికి ఎదురుగా మిరపకాయల కొట్టు, అందులో ఇంటిదూలానికి వేలాడే పెద్ద కాటా. దేవుడే చూపించాడనుకున్నాను. తినకముందు మనిషిని తూచి, తిన్నాక మళ్ళీ తూస్తే, మధ్యలో తేలేది తిండే కదా! ఇంత తెలివి నాకెక్కడిదని నేనే మురిసిపోయాను.

కాటా వేసే మస్తాను ఒప్పుకోలేదు. “మనుషుల్ని తూచేది కాదు చెల్లెమ్మా.”

“నీ తూకం గుండ్లకు మనిషేందో మిరపకాయేందో తెలుస్తదా అన్నా?”

మా ఆయన గొణిగాడు. “ఏమే, నలుగురూ చూస్తన్నారు.”

“చూడనీ. రేపు కాలు పుండైతే ఆ నలుగురొచ్చి కడుగుతారా?”

ఆ మాటతో ఎక్కి, పళ్ళెంలో గంపకింద పుంజులాగా గొంతుక్కూర్చున్నాడు. నేను కొంగు కప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఐదు మణుగుల మూడు వీశెలు తూగాడు. మణుగంటే ఎనిమిది వీశెలు.

భోజనం దగ్గర ఎదురుగా కూర్చుని ముద్ద ముద్దా చూశాను.

“అట్టా చూస్తే మింగుడుపడదే.”

“పడకపోతే మరీ మంచిది.”

పిన్ని గరిటెడు నెయ్యి పోసింది. నెయ్యి బరువెంతలే అని ఊరుకున్నాను. మజ్జిగ మాత్రం నాలుగు చుక్కల దగ్గర చెయ్యి అడ్డం పెట్టాను. నీళ్ళు బరువు కదా మరి!

మళ్ళీ కాటా ఎక్కించాను. ఈసారి నాకు గుమ్మం దగ్గర కాలు నిలవలేదు. పళ్ళెం ఊగుతోంది. రెండు చేతులతో దాని అంచు పట్టి ఆపి, ముల్లు ఎటు మొగ్గుతోందా అని ముందుకు వంగాను. మస్తాను అటువైపు తుమ్ముకుంటూ గుండు మీద గుండు వేస్తున్నాడు.

“ఐదు మణుగుల ఐదున్నర వీశెలు!”

రెండున్నర వీశెల తిండి!

“ఎక్కడ పెట్టావయ్యా అంత తిండి?”

“నాకేం తెలుసే, ఇంకా ఆకలిగానే ఉంది.”

రెండున్నర వీశెలు తిని ఇంకా ఆకలంటున్నాడంటే జబ్బు ముదిరిపోయినట్టే! మామగారి కాలు కళ్ళ ముందు కదిలింది. తిన్నది అరిగేదాకా ఆగేది లేదని, ఆ ఎండలో స్టేషను రోడ్డు మీద పైకీ కిందికీ నడిపించాను. సాయంత్రానికి ఆయన చెమటలు కక్కుతూ, వణుకుతూ డాక్టరుగారి బల్ల మీద పడ్డాడు.

నీలం మందులో మూత్రం చుక్కలు వేసి దీపం మీద కాచారు. నీలంగానే ఉంటే మేలు, ఇటుకరంగుకు తిరిగితే కీడు. కొబ్బరికాయ మొక్కుకోబోయి, దాని ధర గుర్తొచ్చి దణ్ణంతో సరిపెట్టాను. రంగు మారలేదు. కానీ డాక్టరుగారి ముఖం మారింది.

“ఈయన తిండి తిని ఎన్నాళ్ళయింది?”

“మధ్యాహ్నమే తిన్నాడండీ, రెండున్నర వీశెలు.”

డాక్టరుగారు ముందు మా ఆయనకు గ్లూకోజు నీళ్ళు తాగించాడు. ఏ తీపికి భయపడి అంత నడిపించానో, ఆ తీపే చివరికి మనిషిని లేపి కూర్చోబెట్టింది. అప్పుడు కథంతా చెప్పించుకున్నాడు.

“గరిటె నెయ్యీ గరిటె మజ్జిగా కాటాకు ఒకటే గానీ ఒంటికి ఒకటా అమ్మా? నెయ్యి వదిలేసి మజ్జిగకు అడ్డం పడ్డావా? సరే, రెండున్నర వీశెలు ఎట్టా వచ్చిందసలు?”

“పళ్ళెం ఊగకుండా ఇట్టా పట్టుకుని చూశానండీ,” అంటూ ఆయన బల్ల మీది మందుల పళ్ళెం అంచు పట్టి వంగాను.

పళ్ళెం అటు లేచింది. సీసాలన్నీ దొర్లుకుంటూ నా ఒళ్ళోకొచ్చాయి.

డాక్టరుగారు సీసాల వైపు చూసి, నా వైపు చూసి, “నీ మొగుడు తిన్నది పావువీశె కూడా ఉండదు తల్లీ. మిగతాదంతా నీ దిగులు బరువు” అన్నాడు.

బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మా ఊరు కనపడ్డాక మాత్రం, “ఏమే, ఈ పూట అన్నం తూచేటప్పుడు కాస్త గుండ్ల వైపు వంగు” అన్నాడు.

ఆ తర్వాత చానా ఏళ్ళు బతికాడు. రెండు కాళ్ళతోనే పోయాడు.

ఆనాడే బొడ్లో తాళాలు ముట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను: కట్టుకున్నవాణ్ణి మళ్ళీ కాటా ఎక్కించను. ఎక్కించక తప్పకపోతే, చేతులు వెనక్కి కట్టించుకుని వీధి అవతల నిలబడతాను.