మగ్గాలు ఆపించిన పెద్దయ్య

మా పక్కింటి పెద్దయ్య పోయిన సంగతి మంగళవారం పొద్దున ఆయన కోడలు గోడ మీదుగా చెప్పింది. "పంతులమ్మా, మామ లేస్తలేడు. జర వచ్చి చూడు" అంది. నేను వెళ్లి చేయి పట్టుకునేసరికే చల్లబడి ఉంది. ముందురోజు సాయంత్రం కూడా అరుగు మీద కూర్చుని, స్టేషన్ వైపు నుంచి వచ్చేవాళ్లను "బండి వచ్చిందా? ఎవరన్న దిగిన్రా?" అని అడిగిన మనిషి. ఎవరూ దిగలేదని చెబితే తలూపి ఊరుకునేవాడు. మరునాడు మళ్లీ అడిగేవాడు.

గద్వాల నేతవీధికి ఆయన పెద్ద. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే పనిలో వీధంతా ఆయన మాట వినేది. మద్రాసులో చదువు ముగించి ఆడపిల్లల బడిలో చేరడానికి నేనిక్కడికి వచ్చినప్పుడు, ఒంటరి ఆడమనిషికి ఇల్లివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. పెద్దయ్య వీధివాళ్లతో అన్న మాట నాకిప్పటికీ గుర్తు. "మంచి పని ఇచ్చేటోడు మన ఊరికి రావాలంటే పిల్లలకు బడి ఉండాలె. బడి నడవాలంటే పంతులమ్మ ఉండాలె. ఆమెను బజార్ల పండుకోమంటరా?" ఆయన లెక్కలో నేనూ ఊరికి కావలసిన సరంజామాలో ఒకదాన్నేనా, లేక నా మీద అభిమానం కూడా ఉండేదా అని చాలాసార్లు అనుకున్నాను. తేల్చుకోలేదు. ఏదైనా, తల దాచుకోవడానికి చోటు దొరికింది.

ఎవరు కనబడినా ముందు వాళ్ల బట్ట అంచును రెండు వేళ్లతో పట్టి చూసేవాడు. నా చీర కొంగు పట్టి చూసి, "మిల్లు గుడ్డ" అనేవాడు. తప్పు పట్టినట్టు ఉండేది కాదు. వాన వస్తుందని చెప్పినట్టు ఉండేది.

యుద్ధం రోజుల్లో నూలు దొరకక వీధిలో సగం ఇళ్ల మగ్గాలు మూలకు చేరాయి. ఆయన బిడ్డ, అల్లుడు షోలాపూర్ మిల్లుకు వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆయన ఆలోచనంతా ఒక్కటే, ఆ బిడ్డ తిరిగి రావాలి. అందుకు ఊళ్లో పని ఉండాలి. ఏదో ఒక పని అంటే ఒప్పుకునేవాడు కాదు. స్టేషన్ దగ్గరి పల్లికాయల మిల్లు మనుషుల్ని పిలిచినప్పుడు, "సీజన్ అయిపోతే మిల్లు మూస్తరు. మన కడుపులు గూడ మూస్తరా?" అన్నాడు. ఇంకోసారి నాతో అన్నాడు, "పని చేసినంక పొద్దుమూకి పెండ్లాం పిల్లలతోటి మాట్లాడే ఓపిక మిగలాలె పంతులమ్మా. గది పనంటే."

హైదరాబాద్ సేటు ఒకాయన నేత షెడ్డు పెట్టడానికి చోటు వెతుకుతున్నాడని, వనపర్తి కూడా చూస్తున్నాడని తెలిసి, పెద్దయ్య హైదరాబాద్ వెళ్లి సేటు దుకాణం ముందు నిలబడి, బతిమాలి ఒప్పించి వచ్చాడు. మా వీధిలో ఒక మర్యాద ఉంది. పెద్దమనిషి వచ్చినా, పాడె వెళ్తున్నా, మగ్గం ఆపి గడపలోకి వచ్చి నిలబడతారు. సేటు వచ్చే ముందురోజు ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. "రేపు ఒక్క మగ్గం గూడ ఆడొద్దు. తలకు నూనె పెట్టుకొని, తెల్లబట్టలు కట్టుకొని నిలబడుండ్రి."

అలాగే నిలబడ్డారు. మామిడాకులు కట్టారు, డప్పులు పెట్టారు. సేటు టాంగా దిగి నడుస్తుంటే రెండు వైపులా చేతులు జోడించిన జనం. ఒక ఇంట్లోకి తొంగి చూశాడు. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంత ఖాళీగా ఉంది, నూలు కండెల బుట్టలో కోడి పడుకుని ఉంది. సేటు గుమాస్తా అడిగాడు.

"ఈ వీధిల నేసేటోళ్లు ఎవరు?"

"అందరం" అన్నాడు పెద్దయ్య.

"మరి నేస్తలేరేంది?"

"సేటు సాబ్ వస్తుండని ఆపినం."

గుమాస్తా ఆ మాట సేటుకు ఉర్దూలో చెప్పాడు. సేటు నవ్వి ఏదో అన్నాడు. గుమాస్తా దాన్ని మాకు తెలుగులో చెప్పాడు. "షెడ్డుకు రోజుకొకరు చూడనీకె వస్తరు. రోజూ ఆపుతరా అంటుండు."

ఆ సాయంత్రం బండికే సేటు వెళ్లిపోయాడు. షెడ్డు వనపర్తిలో పెట్టాడు. వీధిలో కుర్రవాళ్లు, "పెద్దయ్యా, ఇంకో సేటు ఉంటే తీస్కరా, ఇంకోనాడు ఛుట్టీ దొరుకుతది" అని ఏడిపించారు. ఆయన కూడా నవ్వాడు. మరునాడు పొద్దున్నే మల్దకల్ గుడి దాకా నడిచి వెళ్లి వచ్చాడు. దేవుణ్ణి ఏం అడిగారని నేనడిగితే, "గుళ్లెకు పోలే. జర నడవాలనిపించింది" అన్నాడు.

కొన్నాళ్లకు నా గుమ్మం దగ్గర కూర్చుని, "పెట్టుబడి పెట్టేటోడు ఊర్ల ఏం చూస్తడు పంతులమ్మా?" అని అడిగాడు. తెలియదన్నాను. "నాకూ తెల్వదు" అని నిట్టూర్చాడు.

ఆ తర్వాత కర్నూలు వ్యాపారి ఒకాయన వచ్చాడు. ఈసారి పెద్దయ్య ఒక్కడే స్టేషన్‌కు వెళ్లాడు. వీధికి మాత్రం, "ఎవడొచ్చినా గుంతల నుంచి లేవొద్దు" అని చెప్పి వెళ్లాడు. రెండు వైపులా మగ్గాల చప్పుడులో వ్యాపారి మాట ఎవరికీ వినబడలేదు. చివరికి మా బడి వరండాలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఏడాది పొడుగునా పని ఉండాలి, వెలుతురు రావాలి, చంటిపిల్లల తల్లులకు ఊయల కట్టుకునే చోటుండాలి అని పెద్దయ్య ఒక్కొక్కటే చెబుతుంటే, వెనకున్నవాళ్లు ఆయన ధోవతి లాగారు. "ఊకో పెద్దయ్యా, పోతడు."

"పోతే పోనీ. నా బిడ్డను పిలుచుకునే పని అయితేనే ఉండనీ."

వ్యాపారి ఒప్పుకున్నాడు. తనకూ ఒక షరతు ఉందన్నాడు. గంట కొట్టాక తలుపు మూస్తే, మళ్లీ గంట కొట్టేదాకా ఎవరొచ్చినా, ఎవరు పోయినా మగ్గం ఆగకూడదు. పెద్దయ్య "సరే" అన్నాడు.

షెడ్డు లేచింది. చేతిమగ్గాలే, కాకపోతే అన్నీ ఒక కప్పు కింద. షోలాపూర్ వెళ్లినవాళ్లలో కొందరు వచ్చేశారు. ఆయన బిడ్డ రాలేదు. పిల్లలు అక్కడి బడికి అలవాటు పడ్డారని, మరాఠీ తప్ప చదవలేరని కబురు పంపింది. బడి ఉంటే మనుషులు నిలుస్తారని చెప్పింది ఆయనే. ఆ మాట నిజమే అయింది, షోలాపూర్‌లో. నేను ఓదార్చబోతే, "ఇంకొకరి బిడ్డలు వచ్చిన్రు కద" అన్నాడు. ఆయనకు అది చాలిందో లేదో నాకు తెలియదు. రైలు సంగతి అడగడం మాత్రం మానలేదు.

తంతి అందుకుని ఆయన బిడ్డ బుధవారం మధ్యాహ్నం బండి దిగింది. అప్పటిదాకా పాడె లేపలేదు. నేతవీధిలో మగ్గాలన్నీ ఆగాయి, జనం గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. సేటు చూసిన వీధి అచ్చంగా ఇలాగే ఉండింది. మలుపు తిరిగి షెడ్డు దగ్గరికి వచ్చేసరికి లోపల మగ్గాలు ఆడుతున్నాయి. "ఆయన పెట్టించిన షెడ్డే. జర ఆపితే ఏంబోయె" అని మోసేవాళ్లలో ఒకరు గొణిగారు.

బిడ్డ ఆగిపోయింది. "ఇదేనా పంతులమ్మా?" అని నన్నడిగింది.

"ఇదే" అన్నాను.

మూసిన రేకు తలుపు లోపలి చప్పుడుకు సన్నగా అదురుతూ ఉంది. ఆమె దాని మీద అరచెయ్యి ఆనించింది. పాడె ముందుకు వెళ్లిపోతున్నా, చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.