పదకొండు అడుగుల బేరం

ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలు చేసే నాగమణమ్మకు, బేరం కుదిరాక కొత్త కోరికలు కోరేవాళ్ళంటే ఒళ్ళుమంట. పక్క షెడ్డువాణ్ణి, నాకూ అంతే. అలాంటివాళ్ళకు మొహమాటపడి రెండేళ్ళ కిందట ఆమె పెట్టుబడి కూడా పోగొట్టుకుంది. షెడ్డు అద్దె కట్టలేకపోయింది. మళ్ళీ చవితికల్లా బాకీ తీర్చకపోతే ఖాళీ చేయాల్సిందేనన్నాడు యజమాని.

నిరుడు ఆషాఢంలో మలక్‌పేట నుంచి ఓ కాలనీ కమిటీ వచ్చింది. దాని పెద్ద వేణుమాధవ్. ఆఫీసులో ప్రాజెక్టుల బడ్జెట్లు చూస్తాడట, ఆ గర్వం నడకలోనే తెలుస్తుంది. పదకొండు అడుగుల విగ్రహం, అరవై వేలు. ఇరవై వేలు బయానా ఇచ్చి వెళ్ళాడు. వారానికి ఫోన్ చేసి తల మీద పాముపడగ పెట్టమన్నాడు. ఇంకో వారానికి పక్కన నెమలి. ఆ తర్వాత రాళ్ళు పొదిగిన కిరీటం.

“పైసలు పెంచుతరా, ఎత్తు తగ్గియ్యమంటరా? రెండిట్ల ఒకటి చెప్పుండ్రి సార్,” అని ప్రతిసారీ అడిగిందామె.

“మా బడ్జెట్ అంతేనమ్మా, పైసా పెరగదు. ఎలా చేస్తారో మీ ఇష్టం,” అని ఫోన్ పెట్టేసేవాడు ఆ పెద్దమనిషి. ఆఫీసులో ఎవరైనా ఇలా మాట్లాడితే కాగితం మీద రాసిమ్మనేవాడు. ఇక్కడ ఎదుట ఉన్నది మట్టి చేతుల ఆడమనిషి కదా.

నాగమణమ్మ కర్రల చట్రాన్ని రెండడుగులు కోసేసింది.

చవితి ముందురోజు వేణుమాధవ్ లారీతో వచ్చి, టేపు పెట్టి కొలిచాడు. తొమ్మిదడుగులు.

“పక్క కాలనీది పదడుగులు. మా పరువేం కావాలి? ఇరవై వేలు తగ్గించి ఇస్తాం.”

ఆమె కుంచె కడిగి పక్కన పెట్టింది. విగ్రహానికి కళ్ళు దిద్దేది ఆఖరున, డబ్బు మొత్తం ముట్టాకే. కళ్ళు లేని దేవుణ్ణి ఏ మండపంలోనూ కూర్చోబెట్టరు.

“పడగ మీరు చెప్పిందే, నెమలి మీరు చెప్పిందే. రెండడుగుల పైసలు అండ్లనే పోయినయి. నలభై వేలు ఇయ్యకుంటే గిట్లనే తీస్కపోండ్రి.”

వేణుమాధవ్ నోట్లు లెక్కపెట్టి గోనెపట్టా మీదకు విసిరాడు. ఆమె ఏరుకుని, మళ్ళీ లెక్కపెట్టి, అప్పుడు కళ్ళు దిద్దింది.

“ఇక మా వైపు నుంచి నీ దగ్గరికి ఎవడొస్తాడో చూస్తా,” అని లారీ ఎక్కాడు. అన్నంత పనీ చేశాడు, దిక్కుమాలినవాడు. ఈ ఏడాది మలక్‌పేట కమిటీ ఒక్కటీ రాలేదు. ఆమె ఇళ్ళల్లో పూజకు పెట్టుకునే అడుగెత్తు బొమ్మలు చేసుకుంటోంది.

ఆ రోజు ఇరవై వేలు వదులుకుని ఉంటే ఇప్పుడు ఆర్డర్లు వచ్చేవి కదా అన్నాను, ఉండబట్టలేక.

“వస్తుండె అన్నా,” అంది, నా మొహం చూడకుండా. “చేసేతందుకు షెడ్డు ఉండకపోతుండె.”