అటు తిరగమనే సారు

కూర్మన్నపాలెం కంప్యూటర్ సెంటర్‌లో మాకు సీ లాంగ్వేజ్ చెప్పిన సారుకు ఒక అలవాటుండేది. కంపైలర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాక, ప్రోగ్రాం నడవడానికి కావలసిన లైబ్రరీ ఫైళ్లు ఏ డ్రైవ్‌లో ఉన్నాయో, వాటిని ప్రోగ్రాంతో కలిపే లింకర్‌కు చెప్పాల్సిన చోట, "అటు తిరగండమ్మా" అనేవాడు. మేం గోడకేసి చూస్తుంటే ఆయన టైపు చేసేవాడు. ఏదో పెద్ద విద్య దాస్తున్నాడనుకునేదాన్ని.

అక్కడే ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఆయనే పరీక్ష పెట్టాడు. ఆరు నెలల పాపను అత్తగారి దగ్గర వదిలి వెళ్లాను. ఆ రోజు కొత్త మెషిన్ ఇచ్చారు. నా ప్రోగ్రాం కంపైల్ అయింది, లింక్ కాలేదు; లైబ్రరీ ఫైళ్లు దొరకలేదని ఎర్రర్ వచ్చింది. సారు వచ్చి, ఈసారి తిరగమనడం మరిచి, జేబులోంచి చీటీ తీసి చూస్తూ కొట్టాడు. మళ్లీ అదే ఎర్రర్. అన్నాళ్లూ మమ్మల్ని తిప్పింది ఈ చీటీ కోసమేనని అప్పుడు తెలిసింది. అందులో సి డ్రైవ్ అని ఉంది.

"సార్, దీంట్లో కంపైలర్ డి డ్రైవ్‌లో ఎక్కించారండి."

"నాకే సెప్తన్నావేటి? పిల్లతల్లివి, ఇంటికెళ్లి పాలు పట్టుకోమ్మా."

నేనే సి తీసి డి కొట్టాను. ప్రోగ్రాం నడిచింది. ఆయన తెర చూశాడు, నన్ను చూశాడు, నా కాగితం మీద 'రన్ కాలేదు' అని రాశాడు. ఉద్యోగం వేరొకరికి వెళ్లింది.

ఆయనకు రాకపోతే క్షమించేదాన్నే. నాకు వచ్చునని కళ్లారా చూసి మరీ ఆ రెండు మాటలు రాసిన మనిషి బాగుండాలని మాత్రం ఈనాటికీ అనుకోలేను.