తిన్నాకే సంతకం

ఎండబెట్టే గది తలుపు తీయగానే స్పిరులినా అనే తిండి నాచు వాసన ముక్కుకు కొడుతుంది. చెరువు నాచును పెనం మీద వేయించినట్టుంటుంది. ఇన్నేళ్లయినా నాకది అలవాటు కాలేదు. అంజమ్మక్కకు మాత్రం అది మొదటినుంచీ తిండి వాసనే. పక్కనున్న సాతంరాయి ఊళ్లో రైతు కుటుంబం ఆమెది. అప్పట్లో మా షెడ్డుకు ఆమె పెద్ద, నేను కాగితాలు చూడటానికి కొత్తగా చేరినవాణ్ణి. నాచు పెంచే తొట్ల నమూనా ఫ్రాన్సు వాళ్లది, ఎండా నీళ్లూ మనవి, పొడి చాద్‌లోని కరువు శిబిరంలో పిల్లల జావలోకి పోతుంది. మూడు దేశాల ఒప్పందంలో లేని షరతు ఒకటి అక్క పెట్టింది. పెట్టెలు కట్టేముందు ఆ పొడి కలిపి జొన్నరొట్టె కాల్చాలి, అందరం తినాలి. "మనం తిననిది మంది పిల్లలకెట్ల పంపుతం?" అనేది. బడంగ్‌పేట నుంచి క్యారేజీ తెచ్చుకునే నేను ఒక ముక్క ఎలాగో మింగేవాణ్ణి. "ఏంది సారూ, ఆముదం తాగినట్టు మొఖం పెట్టినవ్?" అని నవ్వేది.

ఒకరోజు ఆమె దవాఖానకు వెళ్లింది. పెట్టెలు వెళ్లాల్సిన విమానం సాయంత్రం. పరీక్ష కాగితాలు సవ్యంగానే ఉన్నాయి కదా అని, రొట్టె మానేసి సంతకం పెట్టి పెట్టెలు పంపేశాను. మధ్యాహ్నం ఆమె వచ్చి, ఆ విడతలో మిగిలిన పొడితో రొట్టె కాల్చి, కొరికి, ఉమ్మేసింది. పరీక్ష అయ్యాక తేమ తగిలిందేమో, పొడి ముక్కిపోయింది.

"ఎవలు తిన్నరు దీన్ని?"

"ఎవరూ తినలేదక్కా. టైమ్ లేకపోయింది."

పెట్టెలు ఆపడానికి ఆటోలో విమానాశ్రయం కార్గోకు పోతూ కూడా వాదించాను. "అక్కడ పిల్లలు ఆకలితో ఉన్నారు కదక్కా."

"ఒక్కపారి కక్కుకుంటే ఇగ ఆ పచ్చది ముట్టరు. తల్లులు గూడ పెట్టరు. అప్పుడేం పంపుతవ్?"

పెట్టెలు విమానమెక్కకముందే వెనక్కి తెచ్చాం. మళ్లీ చోటు దొరకడానికి వారం పట్టింది. పొద్దున్నే రొట్టె కాల్చి ఉంటే, పక్క తొట్టి పొడి అదే విమానంలో వెళ్లేది. ఆమె ఆ మాట అనలేదు. నాకే తట్టింది, సిగ్గేసింది. నిల్వ అయిపోయిందనీ, వారమంతా జావలో పొడి వేయలేదనీ శిబిరం నుంచి ఉత్తరం వచ్చింది. అక్క దాన్ని నాచేత తెలుగులో రెండుసార్లు చదివించుకుంది. తిట్టలేదు. "రేపటిసంది రొట్టె నువ్వే చెయ్యి" అంది.

ఇప్పుడామె లేదు. తినకుండా నేను సంతకం పెట్టను. కొత్తవాళ్లు అది నా నిజాయితీ అనుకుంటారు. నిజానికి భయం. ఆ వారం అక్కడ ఏ బిడ్డకు ఏమైందో నేను ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.