రెండు శుభలేఖలు, ఒక పేరు

మా పెళ్ళికి రెండు శుభలేఖలు అచ్చయ్యాయి. కోడూరులో మా నాన్న వేయించిన దాంట్లో నా పేరుంది. గుడివాడలో మా అత్తవారు వేయించిన దాంట్లో వేరే పేరు. మా అత్తగారిదీ నాదీ ఒకే పేరు కావడం వల్ల వచ్చిన తంటా అది. కన్నతల్లి పేరు పెట్టి కొడుకు పెళ్ళాన్ని ఎలా పిలుస్తాడని నిశ్చయ తాంబూలాల నాడే నాకు కొత్త పేరు పెట్టేశారు. మా వైపు ఇళ్ళలో ఇది మామూలే. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

రేషన్ కార్డు, ఆధార్ అన్నీ కొత్త పేరుతోనే వచ్చాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో పాత పేరే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. నిరుడు, మొవ్వలో నేను పాట పాడే నాట్య బృందానికి మలేషియా నుంచి పిలుపు వచ్చింది. పాస్‌పోర్టుకని వెళ్తే, ఈ రెండు పేర్లూ ఒక మనిషివేనని రుజువు తెమ్మన్నారు.

గెజిట్‌లో కొత్త పేరే వేయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది కదా అన్నారు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న నోరారా పిలిచిన పేరును నా చేత్తో నేనే కొట్టేసుకోవాలా? వెళ్తే నా పేరుతోనే వెళ్తాను, లేకపోతే మలేషియా లేదు గిలేషియా లేదు అని తేల్చి చెప్పేశాను.

వాకబు చేస్తే, పెళ్ళిని ఇప్పుడైనా రిజిస్టర్ చేయించుకోవచ్చనీ, ఆ సర్టిఫికెట్‌లో బడిలో ఉన్న నా పాత పేరు పడితే దాంతో ఆధార్ మార్పించుకోవచ్చనీ తెలిసింది. సాక్షులు కావాలి. మా అన్నయ్యా వదినా వస్తామన్నారు. పేరు మార్చిన సంగతి చెప్పడానికి అత్తవారి తరఫున ఒకరుండాలి. ఆ తరంలో మిగిలింది మా అత్తగారు ఒక్కరే.

అడిగితే ఆవిడ ముఖం ముడుచుకున్నారు. మేం ముచ్చటపడి పెట్టుకున్న పేరు నీకంత చేదయిందా అన్నారు. ఇంట్లో ఆ పేరుతోనే పిలవండి అత్తయ్యా, కాగితం మీద మాత్రం నాది నాకు కావాలి అన్నాను. ఆవిడ విసవిసా లోపలికి వెళ్ళిపోయారు. నేనూ బతిమాలలేదు. శుభలేఖలు రెండూ సంచిలో సర్దుకున్నాను. తెల్లారి లేచి చూద్దును కదా, ఆవిడ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఎండెక్కకముందే బయల్దేరదాం అన్నారు.

రిజిస్ట్రారు ఆఫీసులో శుభలేఖలు రెండూ ఆవిడ ముందు పెట్టి, పెళ్ళికి ముందు మీ కోడలి పేరేమిటని అడిగారు. ఆవిడ కోడూరు శుభలేఖను చేతిలోకి తీసుకున్నారు.

"నా పేరేనండి. నా కొడుకు పిలవలేడని నేనే మార్పించాను. పాపం, ఈ అమ్మాయిని ఒక్క మాటైనా అడగలేదు."

అంత పట్టుదలగా వెళ్ళిన నేను కొంగుతో కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టాను.

ఆధార్ మారాక మళ్ళీ బందరు పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్తుంటే, నేనూ వస్తానని ఆవిడ బస్సెక్కారు. చాలాసేపు కూర్చున్నాం. చివరికి లోపలి నుంచి పేరు పిలిచారు. ఇద్దరం ఒకేసారి లేచాం. ఆవిడ నా వైపు చూసి నవ్వి, మళ్ళీ కూర్చున్నారు.

"నిన్నేనమ్మా. వెళ్ళు."