మేడమీద పరిచిన చాపలు

మొన్న తుపాను వస్తోందని టీవీలో చెప్పగానే నేను చేసిన మొదటి పని, పనిమనిషిని పిలిచి మేడమీద హాలు ఊడ్పించడం. అటకమీది చాపలన్నీ దింపించి వరసగా పరిపించాను, బిందెల నిండా మంచినీళ్ళు పట్టించాను, పెద్ద గుండిగ కడిగించి పులిహోరకి చింతపండు నానేశాను. మావారు పేపరు పక్కన పెట్టి, ఎవరికోసం ఇదంతా అన్నట్టు చూశారు గానీ, నా సంగతి తెలిసిన మనిషి కాబట్టి మళ్ళీ పేపర్లో తల దూర్చారు. సాయంత్రానికి గాలి మొదలైంది. పులిహోర కలిపేసి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా వీధి జనం సంచులు పట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, గొడుగులు తిరగబడుతుంటే నవ్వుకుంటూ ఇళ్ళలోంచి బయటికొచ్చారు. వచ్చి, మా గేటు ముందునుంచే నడిచి, ఎదురుగా ఉన్న పదిహేను అంతస్తుల టవర్లోకి వెళ్ళిపోయారు. నిజం చెప్పొద్దూ, నాకు కడుపు భగ్గున మండింది.

నేను చల్లపల్లి నుంచి కోడలిగా బందరు వచ్చేనాటికి ఈ వీధి మొత్తానికి మేడ అంటే మాదొక్కటే. మిగతావన్నీ పెంకుటిళ్ళు, చివర్న కొన్ని తాటాకు ఇళ్ళు. దివిసీమ ఉప్పెన తర్వాత చాలా ఏళ్ళు, మీకూ గుర్తుండే ఉంటుంది, కాస్త ఈదురుగాలి వీచినా, రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో విన్నా అందరికీ గుండెలు జారిపోయేవి. అప్పుడు మా అత్తయ్యగారు కొంగు నడుముకి దోపుకుని మెట్ల దగ్గర నిలబడి, తడుస్తూ వచ్చేవాళ్ళని "పైకి రండి, పైకి రండి" అని కేకేసేవారు. ట్రంకుపెట్టెలు, లాంతర్లు, చంటిపిల్లల ఉయ్యాల చీరలు, ఒకావిడైతే బుట్ట కింద పెట్టి తెచ్చిన కోడిపెట్ట, అన్నీ మా మేడ ఎక్కేవి. మగవాళ్ళు వసారాలో పేకాట, పిల్లలు ఆ చివరనుంచి ఈ చివరికి పొర్లుడు, ఆడవాళ్ళు భయాన్ని కబుర్లలో పెట్టి మర్చిపోవడం. బయట చెట్లు విరిగిపడుతుంటే లోపల పెళ్ళివారిల్లులా ఉండేది.

అత్తయ్యగారికి మోకాళ్ళు పట్టేశాక ఆ మెట్ల దగ్గర నిలబడే పని నాకొచ్చింది. ఇంట్లో నా మాట ఎవరూ ఖాతరు చెయ్యని రోజులవి, కూరలో ఉప్పు దగ్గరనుంచి అన్నిటికీ వంకలే. అలాంటిది తుపాను వస్తే మాత్రం ఈ వీధికి నేనే మహారాణిని. ఎవరెక్కడ పడుకోవాలో నేను చెప్పాలి, ఎవరికెంత వడ్డించాలో నేను చూడాలి. ఎదురు పెంకుటింటి వదిన ఇద్దరు పిల్లల్ని వేసుకుని బిక్కుబిక్కుమంటూ వచ్చేది. ఆవిడకి ఉరుమంటే భయం. బీరువా పక్క మూల చూపించి, ఇక్కడ గాలి తగలదు పడుకో వదినా అని నేనే చాప పరిచేదాన్ని. పాపిష్టిదాన్ననుకోండి, ఆకాశం ముసురుపట్టినప్పుడల్లా లోలోపల నాకు ఉత్సాహంగా ఉండేది.

ఆ వదినా, ఆవిడ వరసలోవాళ్ళూ నాలుగేళ్ళ క్రితం పెంకుటిళ్ళన్నీ కలిపి బిల్డరుకిచ్చారు. వాటి చోట ఈ టవరు లేచింది. పేరు ఇంగ్లీషులో ఉంటుంది, నాకు నోరు తిరగదు, తిప్పను కూడా. లోపల ఈతకొలనట, సముద్రం పక్కనున్న ఊళ్ళో! మధ్యాహ్నం దాకా దాని నీడ మా డాబామీద పడి ఒక్క వడియం ఎండదు. సాయంత్రం రావలసిన సముద్రపు గాలి వాళ్ళ బాల్కనీల్లోనే ఆగిపోతుంది. పాలమ్మాయి లోపలికెళ్ళాలంటే గేటు దగ్గర పేరు చెప్పుకోవాలి. వదిన వాటాకి తొమ్మిదో అంతస్తులో రెండు ఫ్లాట్లొచ్చాయి. గృహప్రవేశానికి వెళ్ళి, వంటిల్లు మరీ ఇరుగ్గా ఉందేమిటి వదినా అని వచ్చాను. మా వంటిల్లు దాంట్లో సగం ఉండదు.

సరే, మొన్నటి సంగతికొస్తాను. కరెంటు పోయింది. ఎదురుగా టవరు మాత్రం జనరేటరు మీద దీపావళిలా వెలుగుతోంది. ఫోను మోగింది, వదిన.

"ఏంటి వదినా, చీకట్లో కూర్చున్నారా? ఇక్కడ ఫంక్షన్ హాల్లో మన వీధంతా ఉంది. అన్నయ్యగారిని తీసుకుని పైకి వచ్చెయ్యండి."

మా ఇల్లు ఎన్ని తుపాన్లు చూసిందో తెలుసా అని విసురుగా అనబోయాను. అంతలో పై హాల్లో కిటికీ రెక్క ఊడి కింద పడింది. మావారు చెప్పులేసుకున్నారు. గుండిగ మాత్రం వదలనన్నాను. చెరోవైపు పట్టుకుని వానలో వీధి దాటాం.

హాలు గుమ్మంలో వదిన కొంగు దోపుకుని నిలబడి ఉంది. ఆ నిలబడడం మా అత్తయ్యగారిది, నాది. నా పులిహోర క్షణంలో ఖాళీ అయింది, అందరూ మెచ్చుకున్నారు, ఆ కాసేపు ప్రాణం కుదుటపడింది. తర్వాత వదిన నా చెయ్యి పట్టుకుని ఒక మూలకి తీసుకెళ్ళి, పరుపు పరిచి, "ఇక్కడ ఏసీ గాలి తగలదు, పడుకోండి వదినా" అంది. ఎంత ప్రేమగా అందో! ఆ ప్రేమకే నాకు ఏడుపొచ్చింది. పక్కన పిల్లలు ఆ చివరనుంచి ఈ చివరికి పొర్లుతున్నారు.

తుపాను మరెక్కడో తీరం దాటింది. టవరు గట్టిది, మా మేడ పాతది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ వీధిలో పసిపిల్లలు అక్కడుంటేనే క్షేమం, నాకూ తెలుసు. ఎండ పోయింది, గాలి పోయింది, వాటికి సర్దుకున్నాను. పైకి రండి అని నలుగురిని పిలిచే ఆ ఒక్క మాటైనా నాకుంటుందనుకున్నాను, అదీ ఎదురింటికి వెళ్ళిపోయింది. అన్నేళ్ళూ మా బీరువా పక్క మూలలో పడుకున్నప్పుడు వదినకీ నన్ను చూస్తే ఇలాగే ఉండేదేమో, అడగలేదు.

మేడమీద చాపలు చుట్టెయ్యనా అమ్మగారూ అని పనిమనిషి రోజూ అడుగుతోంది. వానాకాలం ఇంకా అయిపోలేదు కదా, ఉండనియ్యమంటున్నాను.